గాలితో పనిచేసే కండరం

బి.పి. చూసే పట్టీ మీ అందరికీ తెలుసు. పైన గుడ్డ, లోపల రబ్బరు సంచి. గాలి కొట్టగానే సంచి ఉబ్బుతుంది. బయటి గుడ్డ సాగదు కనుక ఆ బలమంతా మీ చేతి మీద పడి పట్టీ బిగుస్తుంది. మెత్తని వస్తువులో గాలి నింపి, అది ఎటు సాగాలో ఎటు సాగకూడదో ముందే ఏర్పాటు చేస్తే దానిచేత పని చేయించవచ్చు. ‘మెత్తని రోబోలు’ అనే పరికరాల్లో చాలా వాటికి ఇదే ఆధారం.

ఒక తండ్రి ప్రయత్నం

అమెరికాలోని లాస్ అలమోస్‌లో జోసెఫ్ మెకిబ్బెన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఉండేవారు. 1950లలో ఆయన కుమార్తెకు పోలియో సోకి చేతులు చచ్చుబడ్డాయి. ఆమె వేళ్లతో వస్తువులు పట్టుకోగలగాలని ఆయన ఒక గాలి కండరాన్ని రూపొందించారు. అది నేటికీ ఆయన పేరుతోనే పిలవబడుతోంది.

దాని నిర్మాణం చాలా సులువు. ఒక రబ్బరు గొట్టం, దానిపైన ఏటవాలుగా అల్లిన వల తొడుగు. ఉల్లిపాయల వల సంచిని గమనించండి. ఖాళీగా ఉన్నప్పుడు సన్నగా, పొడవుగా వేలాడుతుంది. నింపితే లావై, పొట్టిదవుతుంది. అలాగే గొట్టంలోకి గాలి పంపితే వల లావెక్కి, పొడవు తగ్గి, రెండు కొసలనూ దగ్గరకు లాగుతుంది. మన కండరం చేసే పనీ ఇదే. గాలి వదిలితే మళ్లీ సాగుతుంది. అయితే గాలి సిలిండరో పంపో వెంట ఉండాలి. అదే దీనిలోని ఇబ్బంది.

ఇప్పుడు ఎక్కడ ఉపయోగం?

పక్షవాతం వచ్చినవారి చేతికి తొడిగే మెత్తని గ్లౌజులు తయారయ్యాయి. వీటిలో ఒక రకంలో, ప్రతి వేలి మీదుగా ఒక గాలి గొట్టం ఉంటుంది. దాని పైభాగం సాగుతుంది, అడుగుభాగం సాగదు. అందుకే గాలి నింపినప్పుడు గొట్టం అరచేతి వైపు వంగి, వేలిని కూడా వంచుతుంది. ఇనుప పరికరంలా చర్మాన్ని ఒరుసుకోదు.

2017లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం, బోస్టన్ పిల్లల ఆసుపత్రి పరిశోధకులు గుండెకు బయట తొడిగే మెత్తని తొడుగును పందులలో పరీక్షించారు. గుండెతోపాటు అదీ ముడుచుకుని రక్తం నెట్టడానికి సాయపడింది. అది రక్తాన్ని తాకదు కనుక గడ్డలు కట్టే భయం తగ్గుతుందని వారి ఆశ.

కుటుంబ సభ్యులకు మనవి

పక్షవాతం వచ్చిన చేతికి ఏ యంత్రమైనా సాయం మాత్రమే. కదిలించాలని రోగి తానుగా పదేపదే ప్రయత్నిస్తేనే మెదడు మళ్లీ నేర్చుకుంటుంది. కాబట్టి:

• ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామం రోజూ చేయించండి.
• లేపేటప్పుడు బలహీనమైన చేతిని పట్టి లాగకండి. భుజం కీలు జారే ప్రమాదం ఉంది.
• ముడుచుకున్న వేళ్లను బలవంతంగా కాక, నెమ్మదిగా తెరవండి.
• మూతి వంకర, చేయి పడిపోవడం, మాట తడబడడం హఠాత్తుగా కనబడితే తెల్లవారే వరకు ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

మన దేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చిలో భారతదేశం పోలియో రహితమని ధ్రువీకరించారు. ఆ తండ్రి గాలి కండరంతో ఎదుర్కొన్న కష్టాన్ని రెండు చుక్కల మందు మన పిల్లల దరికి రాకుండా ఆపుతోంది. చుక్కలు వేయించడం మాత్రం మానకండి.