కమ్మలూ, కాగితపు పూసలూ



“కమ్మ” అనే మాటకు అర్థం ఏమిటని అడిగితే, చెవికి పెట్టుకునే నగ అని మీలో చాలామంది చెబుతారు. అది నిజమే. కాని ఇంట్లో తాతగారినో, మామ్మగారినో అడిగి చూడండి. తాటాకును కూడా కమ్మ అంటారని వారు చెబుతారు. తాటికమ్మలతో ఇళ్ళు కప్పేవారు. పూర్వం ఎవరికైనా కబురు పంపాలంటే తాటాకు మీద గంటంతో వ్రాసి పంపేవారు. ఆ ఉత్తరాన్ని కూడా కమ్మ అనేవారు. ఆకుకూ, ఉత్తరానికీ, చెవి నగకూ ఒకటే పేరు ఎలా వచ్చింది?

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పాను. ఈ మూడు అర్థాలనూ నల్లబల్ల మీద ఎన్నోసార్లు వ్రాశాను. అయినా ఈ ప్రశ్నకు జవాబు నాకు పుస్తకంలో కనిపించలేదు. ఒక ముసలమ్మ చెప్పింది. ముందు ఆ సంగతి చెబుతాను. తరువాత మనం ఒక దండ తయారుచేద్దాం.

అది 1997వ సంవత్సరం. గోదావరి కాలువ గట్టు మీద ఉన్న ఒక ఊళ్ళో నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉండేవాణ్ణి. బడి వార్షికోత్సవం దగ్గరపడింది. కోలాటానికి పన్నెండుమంది ఆడపిల్లలను ఎంపిక చేశాం. “అందరూ మెడలో గొలుసూ, చెవులకు కమ్మలూ పెట్టుకుని రావాలి. చూడటానికి అందరూ ఒక్క తీరుగా ఉండాలి,” అని నేనే చెప్పాను. చెప్పేటప్పుడు నాకు అందులో తప్పేమీ తోచలేదు.

మరునాటి నుంచి ఆరో తరగతి పిల్ల ఒకతె బడికి రావటం మానేసింది. అందరికన్నా బాగా అడుగు వేసేది ఆ పిల్లే. మూడు రోజులు చూశాను. నాలుగో రోజు సాయంత్రం వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. నన్ను చూడగానే ఆ పిల్ల తలుపు చాటుకు తప్పుకున్నది. అప్పుడు ఆమె చెవులు చూశాను. కుట్టిన చెవులు పూడిపోకుండా రెండు చీపురుపుల్ల ముక్కలు పెట్టి ఉన్నవి.

రోజూ నా ఎదుట కూచుని పాఠం వినే పిల్ల! అప్పటిదాకా నేను ఆ చెవులు చూడనేలేదు.

వాళ్ళ అమ్మమ్మ అరుగు మీద చాప వేసింది. “గొలుసులూ, కమ్మలూ పెట్టుకుని రమ్మన్నారట గదా, మాస్టారూ! మా దగ్గర ఎక్కడివి బాబూ? ఒకరిని అడిగి తెస్తే, అది పోతే ఎవరు తీరుస్తారు? అందుకని నేనే వద్దన్నాను,” అన్నది.

నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆమె లేచి, లేత తాటాకు ఒకటి తెచ్చింది. వేలి వెడల్పున ఒక ముక్క చీల్చి, గట్టిగా చుట్టలాగా చుట్టింది. మనుమరాలిని పిలిచి, “నా చిన్నప్పుడు మేం ఇవే పెట్టుకునేవాళ్ళం. ఇవి పనికొస్తాయేమో చూడండి. అసలు కమ్మలంటే ఇవేగా!” అన్నది.

నా ప్రశ్నకు జవాబు అదే! మొదట ఆకునే చుట్టి చెవిలో పెట్టుకున్నారు. అందుచేత చెవి నగకు ఆకు పేరు వచ్చింది. బంగారంతో చేయించుకునే రోజులు వచ్చినా ఆ పేరు మారలేదు. తమిళంలో కూడా ఇంతే. తాటాకునూ, దాని మీద వ్రాసిన ఉత్తరాన్నీ, చెవి నగనూ ‘ఓలై’ అనే ఒక్క మాటతోనే పిలుస్తారు.

ఆకుచుట్ట చెవిలోంచి జారిపోదా అని మీరు అడగవచ్చు. జారిపోదు. చుట్టిన ఆకు మళ్ళీ విప్పుకోవాలని చూస్తుంది. అందువల్ల అది రంధ్రం అంచులను బయటికి నొక్కుతూ అక్కడే నిలుస్తుంది. వంచిన వస్తువు తిరిగి తన పూర్వపు ఆకారానికి రావటాన్ని స్థితిస్థాపకత అంటారని మీ సైన్సు పుస్తకంలో ఉంటుంది. ఆ ముసలమ్మకు ఆ పేరు తెలియదు, పని తెలుసు.

మరునాడు బడిలో నా మాట వెనక్కు తీసుకున్నాను. “కోలాటానికి ఎవరూ బంగారం పెట్టుకుని రాకూడదు. మనం చేసుకున్నవే పెట్టుకోవాలి,” అన్నాను. ఒక పెద్దమనిషి వచ్చి, “మా అమ్మాయికి ఉన్నవి పెట్టుకోవద్దంటారా, మాస్టారూ?” అని కోప్పడ్డాడు. “ఆ ఒక్క సాయంత్రం వద్దండి,” అన్నాను.

నేను ట్రైనింగులో ఉండగా, చేతిపనుల తరగతిలో, కాగితపు పూసలు చెయ్యటం నేర్చుకున్నాను. దాన్ని పిల్లలకు నేర్పాను. వారం రోజులు బడి వదిలిన తరువాత అందరూ కూచుని పాత కేలండర్లు చుట్టారు. అమ్మమ్మ కూడా వచ్చి తాటాకు కమ్మలు చేసి ఇచ్చింది. వార్షికోత్సవం నాడు పన్నెండుమందీ కాగితపు దండలు వేసుకుని ఆడారు. చీపురుపుల్లల పిల్ల ముందు వరసలో ఉన్నది.

ఆకులూ, గవ్వలూ, గింజలూ పెట్టుకోవటం లేనివాళ్ళ పని అని ఎవరూ అనుకోకండి. మనుషులు మొట్టమొదట పెట్టుకున్న నగలు అటువంటివే. మొరాకో దేశంలో బిజ్మూన్ అనే గుహలో చిన్న సముద్రపు నత్త గుల్లలు దొరికినవి. వాటికి రంధ్రాలున్నవి, త్రాటికి వ్రేలాడదీయగా అరిగిన గుర్తులు కూడా ఉన్నవి. అవి 1,42,000 నుంచి 1,50,000 సంవత్సరాల నాటివని శాస్త్రజ్ఞులు 2021లో ప్రకటించారు. బంగారాన్ని నగగా చెయ్యటం మనిషి నేర్చుకున్నది ఆ తరువాత ఎంతో కాలానికి!

ఇక మన దండ సంగతి చూద్దాం.

కావలసినవి: రంగుబొమ్మలున్న పాత కేలండరు కాగితం ఒకటి, స్కేలు, పెన్సిలు, కత్తెర, నున్నని చీపురుపుల్ల, రెండు చెంచాల మైదాపిండి, సూది, గట్టి దారం, కొద్దిగా సన్నని ఎలాస్టిక్ త్రాడు, కొవ్వొత్తి ముక్క. కాగితం మరీ దళసరిగా ఉండరాదు.

ముందు జిగురు చెయ్యాలి. రెండు చెంచాల మైదాపిండిని పది చెంచాల చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలపండి. తరువాత అమ్మను పిలిచి, సన్నని సెగ మీద పెట్టి కలుపుతూ ఉండమనండి. పొయ్యి దగ్గర పని మీరు ఒంటరిగా చెయ్యవద్దు. తెల్లగా ఉన్న పిండి కాసేపటికి చిక్కబడి, గాజులాగా మెరుస్తుంది. అప్పుడు దించి చల్లార్చాలి. పిండిలో ఉండే చిన్న చిన్న గంజిరేణువులు వేడినీటిని పీల్చుకుని ఉబ్బి, పగిలి, జిగురుగా మారతవి. ఆ జిగురు కాగితపు నారల సందుల్లోకి దిగి, నీరు ఆరిపోగానే పట్టుకుంటుంది.

కేలండరు కాగితాన్ని 40 సెంటీమీటర్ల పొడవూ, 30 సెంటీమీటర్ల వెడల్పూ ఉండేటట్లు కత్తిరించండి. కాగితాన్ని వెనక్కు తిప్పి, 40 సెంటీమీటర్ల అంచుల్లో ఒకటి మీ వైపుకు ఉండేటట్లు పరవండి. ఈ క్రింది అంచు మీద మూల నుంచి మూల దాకా 2 సెంటీమీటర్లకు ఒక గుర్తు పెట్టండి. పై అంచు మీద మొదటి గుర్తు ఎడమ మూల నుంచి 1 సెంటీమీటరు దూరంలో పెట్టి, అక్కడి నుంచి 2 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున పెట్టండి. ఇప్పుడు క్రింది ఎడమ మూల నుంచి పై మొదటి గుర్తుకు, అక్కడి నుంచి క్రింది రెండో గుర్తుకు, మళ్ళీ పై రెండో గుర్తుకు, ఈ విధంగా రంపపు పళ్ళలాగా గీతలు గీసుకుంటూ పోండి. ఆ గీతల వెంట కత్తిరించండి.

ఎన్ని ముక్కలు వచ్చినవి? నిలువుగా నిలబడే త్రిభుజాలు 20, తలక్రిందులుగా ఉండేవి 19, మొత్తం 39. రెండు కొసలా రెండు సగం ముక్కలు మిగులుతవి. వాటిని పారవెయ్యకండి, వాటితో పని ఉన్నది.

ఒక త్రిభుజాన్ని రంగు వైపు క్రిందికి ఉండేటట్లు బల్ల మీద పెట్టండి. చీపురుపుల్లకు కొవ్వొత్తి కొద్దిగా రాయండి. పూస తేలికగా ఊడి రావటానికి అది అవసరం. త్రిభుజం వెడల్పు కొసను పుల్లకు చుట్టటం మొదలుపెట్టండి. మొదటి చుట్టకు జిగురు వద్దు. తక్కిన కాగితానికి పలుచగా పూయండి. మొన ఎప్పుడూ మధ్యకే వచ్చేటట్లు, సందు లేకుండా బిగించి చుట్టండి. చివర మొనను వేలితో నొక్కి, పూసను మెల్లగా పుల్ల నుంచి లాగి, నీడలో ఒక రోజు ఆరబెట్టండి. ఆరిన తరువాత కొవ్వొత్తి ముక్కతో పైపైన రుద్ది, మెత్తని గుడ్డతో తుడవండి. నిగనిగలాడుతుంది. చెమట కూడా వెంటనే లోపలికి దిగదు. అయినా స్నానం చేసేటప్పుడు తీసివెయ్యటం మంచిది.

పూస మధ్యలో లావుగా, కొసల్లో సన్నగా వచ్చింది గదా! ఎందువల్ల? కాగితం వెడల్పుగా ఉన్నంతసేపూ పూస అంతటా చుట్టలు పడినవి. కాగితం సన్నబడిన కొద్దీ చుట్టలు మధ్యనే పడినవి. మధ్యలో పొరలు ఎక్కువ, కొసల్లో తక్కువ. కాగితం పొరలు లెక్కపెట్టడానికి చాలా పలుచన. అయినా అవన్నీ చేరితే బఠానీ గింజంత లావయింది.

30 పూసలను జంట దారానికి గుచ్చండి. ఒక్కొక్క పూస 2 సెంటీమీటర్లు కాబట్టి దండ 60 సెంటీమీటర్లవుతుంది. కొక్కెం లేకుండానే తల మీదుగా వేసుకోవచ్చు. మిగిలిన 9 పూసలు 18 సెంటీమీటర్లు. వాటిని ఎలాస్టిక్ త్రాటికి గుచ్చితే చేతికి కంకణం. మరి సగం ముక్కల సంగతి? వాటిని తిన్నగా ఉన్న అంచు ఒక్క వైపుకే సరిపడేటట్లు చుట్టండి. ఈసారి లావు మధ్యలో రాదు. ఒక కొసకు వచ్చి, చిన్న గరాటులాగా అవుతుంది. ఆ రెండూ చెవులకు లోలకులు! ఒక్క కాగితంలో దండ, కంకణం, లోలకులు. వృథా ఏమీ లేదు. అయితే ఏ తీగ పడితే ఆ తీగ చెవిలో పెట్టకండి. చౌక లోహాల్లో నికెల్ ఉంటే కొందరికి చెవి దురదపెట్టి పుండవుతుంది. లోలకును దారంతో పాత కమ్మకే కట్టి వ్రేలాడదీయండి.

ఇది ఆడపిల్లల పని అని మగపిల్లలు పేజీ తిప్పకండి. తాళంచెవుల గుత్తికి, పుస్తకంలో గుర్తుగా పెట్టుకునే త్రాటికి, గుమ్మానికి కట్టే తెరకు ఈ పూసలే కావాలి.

కాగితానికి బదులు గింజలు కూడా గుచ్చవచ్చు. పుచ్చగింజలు, గుమ్మడిగింజలు కొన్ని గంటలు నానబెడితే సూది సులభంగా దిగుతుంది. కాని ఒక్క మాట బాగా గుర్తుంచుకోండి. ఎర్రగా, నల్లని మచ్చతో ముచ్చటగా ఉండే గురివింద గింజను మాత్రం గుచ్చకండి. పూర్వం కంసాలులు బంగారం తూయటానికి దాన్ని వాడేవారు. 96 గింజల ఎత్తు ఒక తులం అని లెక్క. కాని దాని లోపల అబ్రిన్ అనే భయంకరమైన విషం ఉన్నది. గట్టి పై పెంకు ఆ విషాన్ని బయటికి రానివ్వదు. రంధ్రం చేశామంటే ఆ కాపలా పోయినట్లే. గింజ నలిగి కడుపులోకి పోతే ప్రాణానికే ముప్పు. ఆముదపు గింజలు, పచ్చగన్నేరు గింజలు కూడా విషమే. “గురివింద తన నలుపు ఎరుగదు” అని సామెత. తన విషం సంగతి అది చెప్పదు, మనమే తెలుసుకోవాలి. ఇంట్లో పాకే పిల్లలుంటే ఏ పూసలనూ వాళ్ళకు అందేచోట ఉంచకండి, గొంతులో అడ్డుపడతవి.

పెద్దలకు కూడా ఒక మనవి. బడిలో ఉత్సవం జరిగినప్పుడు పిల్లలకు బంగారం పెట్టి పంపకండి. దొంగల భయం ఒకటే కాదు. ఆ వరసలో చీపురుపుల్లలు పెట్టుకున్న చెవులు కూడా ఉండవచ్చు. ఆ చెవులు నాకు మూడు రోజుల తరువాత గాని కనిపించలేదు.

ఈ ఆదివారమే మొదలుపెట్టండి, పిల్లలూ. మొదటి పూస వంకరగా వస్తుంది. నాదీ అలాగే వచ్చింది. దాన్ని పారవెయ్యకుండా దండలో వెనక వైపుకు గుచ్చండి. నలభయ్యో పూస చేసిన నాడు ఆ రెండింటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూసుకుంటే, మీ వ్రేళ్ళు ఎంత నేర్చుకున్నవో మీకే తెలుస్తుంది.