మూత వేశాక నిద్రపోని డ్రైవర్

కోసిగిలో ఒక ఇంటర్నెట్ సెంటర్ అనుకుందాం. పొద్దుటి నుంచి పరీక్ష ఫీజులు, రైలు టికెట్లు, భూమి కాగితాల నకళ్లు. ఎండ ముదిరి జనం పలచబడగానే యజమాని ల్యాప్‌టాప్ మూత వేసి భోజనానికి వెళతాడు. తిరిగొచ్చి చూస్తే సగం నింపిన ఫారాలేవీ ఉండవు. యంత్రం తనంతట తాను రీస్టార్ట్ అయి పాస్‌వర్డ్ అడుగుతూ ఉంటుంది. పని చేస్తున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు, మూత వేస్తేనే ఈ తంటా. వారం కిందట కొత్త సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ వేయించిన సంగతి అతనికి తట్టదు. రక్షణ కోసం డబ్బు పెట్టి వేయించుకున్నదాన్ని ఎవరు అనుమానిస్తారు? ఆదోనికి పట్టుకెళితే షాపులో మొదట వినబడే మాట ఒకటే: "ఫార్మాట్ కొట్టాల్సిందే అన్నా."

ఫార్మాట్ కొడితే తప్పుతో పాటు దాని ఆనవాళ్లు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. అదే సాఫ్ట్‌వేర్ మళ్లీ వేశాక అదే తంటా మళ్లీ మొదలవుతుంది. ఎవరు తప్పు చేశారో చాలాసార్లు యంత్రమే రాసి పెట్టుకుని ఉంటుంది. ఆ రాత అర్థం కావాలంటే ల్యాప్‌టాప్ నిద్ర ఎలా పుట్టిందో, దానికి ఎందరి ఒప్పుదల కావాలో తెలియాలి.

ఈ కథకు మూలం మతిమరుపు ఉన్న ఒక చిప్. 1966లో ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్ ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్‌తో ఒక బిట్‌ను దాచే పద్ధతి కనిపెట్టాడు. 1968లో దానికి పేటెంటు వచ్చింది. ఇవాళ్టి ర్యామ్ పుట్టుక అదే. చవక, చిన్నది, కానీ కెపాసిటర్‌లో నింపిన విద్యుదావేశం కారిపోతూనే ఉంటుంది. అందుకే మామూలుగా 64 మిల్లీసెకన్లలోపు ప్రతి వరుసనూ చదివి మళ్లీ నింపాలి. చిప్ వేడి 85 డిగ్రీలు దాటితే 32 మిల్లీసెకన్లకే నింపాలి. ప్రాసెసర్‌కీ తెరకీ డిస్కుకీ కరెంటు ఆపేసి, ర్యామ్ తన వరుసల్ని తానే నింపుకోవడానికి చాలినంత మాత్రం వదిలిపెట్టడమే ల్యాప్‌టాప్ నిద్ర. అందుకే మూత తెరవగానే వదిలిన చోటే పని కనబడుతుంది.

మరి నిద్రపొమ్మని చెప్పేదెవరు? మొదట్లో ఆ పెత్తనం మదర్‌బోర్డు మీద ఉండే బయోస్ అనే సాఫ్ట్‌వేర్‌ది. 1990లో ఇంటెల్ ల్యాప్‌టాప్‌ల కోసం 386ఎస్ఎల్ అనే ప్రాసెసర్ తెచ్చింది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలియకుండానే దాన్ని పక్కకు ఆపి, విద్యుత్తు పొదుపు చూసుకునే ఏర్పాటు అందులో ఉంది. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఏపీఎం అనే పద్ధతి పెట్టాయి. అందులోనూ బయోస్ మాటే ఎక్కువ చెల్లేది. ఏ ప్రోగ్రాం ఏ పనిలో ఉందో బయోస్‌కు తెలిసే దారి లేదు కాబట్టి, పని మధ్యలోనే నిద్ర వచ్చి పడేది. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే కొత్త పద్ధతిని ప్రకటించి పెత్తనాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ చేతికిచ్చాయి. ర్యామ్‌కు మాత్రం కరెంటు మిగిల్చే నిద్ర ఎస్3, ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కులో రాసి పూర్తిగా ఆగిపోయే హైబర్నేట్ ఎస్4, పూర్తిగా ఆపేయడం ఎస్5 అనే పేర్లు అప్పటివే. విండోస్ 98 నుంచి ఇది మామూలు కంప్యూటర్లకు చేరింది. మన సీమలో 2008లో ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ మొదలై, పల్లె పిల్లల చేతికి తలా ఒక ల్యాప్‌టాప్ అందేనాటికి మూత వేస్తే నిద్ర, తీస్తే మెలకువ అనేది ఎవరూ ఆలోచించనంత సహజమైపోయింది.

లోపల జరిగేది మాత్రం అంత తేలిక కాదు. మూత వేయగానే విండోస్ ప్రతి పరికరానికీ ఒక అభ్యర్థన పంపుతుంది. పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ను డ్రైవర్ అంటారు. వైఫై కార్డునే తీసుకుంటే దాని మీద ఒక్క డ్రైవర్ ఉండదు, ఒకదాని మీద ఒకటిగా కొన్ని ఉంటాయి. పై డ్రైవర్ తన పని ముగించుకుని అభ్యర్థనను కింది డ్రైవర్‌కు ఇవ్వాలి, అది దాని కిందిదానికి. సింగిల్ లైను మీద టోకెన్ చేతికందితే గానీ రైలు కదలని రోజులు రైల్వే వాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఇక్కడా అంతే. మధ్యలో ఒక్క డ్రైవర్ తీసుకున్నది ముందుకివ్వకపోతే ఆ లైనంతా ఆగిపోతుంది. విండోస్ కొన్ని నిమిషాలు ఎదురుచూస్తుంది. అప్పటికీ కదలకపోతే సగం నిద్రలో ఉన్న యంత్రాన్ని నమ్మలేక తానే ఆపేస్తుంది. ఆ ఆపివేతకు పెట్టిన పేరు డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్, కోడ్ 9ఎఫ్. అప్పుడు ఆ కోడ్ చూపే తెర వస్తుంది, కానీ మూత వేసి ఉంది కాబట్టి చూసేవారుండరు. కాసేపటికి యంత్రం రీస్టార్ట్ అవుతుంది. మనకు కనబడేది పాస్‌వర్డ్ తెర మాత్రమే.

సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ ఈ వరుసలోకి ఎందుకు వస్తుందంటే, తన పని చేయాలంటే అది అక్కడ ఉండక తప్పదు. ఫైలు తెరుచుకోకముందే దాన్ని తనిఖీ చేయాలి కాబట్టి ఫైల్ సిస్టమ్ పైన ఒక ఫిల్టర్ డ్రైవర్‌ను కూర్చోబెడుతుంది. నెట్‌వర్క్ గుండా వచ్చేదాన్ని చూడాలి కాబట్టి వైఫై దారిలో ఇంకొకటి. వీపీఎన్ కూడా ఉంటే లేని నెట్‌వర్క్ కార్డును ఉన్నట్టు చూపే డ్రైవర్ మరొకటి. ఇవన్నీ విండోస్‌కు గుండెకాయ లాంటి కర్నెల్‌లో, ఏ రక్షణ గోడా అడ్డులేని చోట నడుస్తాయి. నిద్ర అభ్యర్థన వచ్చిన క్షణంలో ఆ డ్రైవర్ తన సర్వర్ జవాబు కోసమో డిస్కులోని ఫైలు కోసమో కాచుకుని ఉందనుకోండి. నెట్‌వర్క్ ఈలోపే పడుకుంటే ఆ జవాబు ఎన్నటికీ రాదు. వైఫై డ్రైవర్ పాతది, సెక్యూరిటీ డ్రైవర్ కొత్తది అయితే ఒకదాని కోసం ఒకటి కాచుకునే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇలాంటి సాఫ్ట్‌వేర్లు రెండు వేసుకున్నవారికి రక్షణ రెట్టింపు కాదు, తగాదా రెట్టింపవుతుంది.

కర్నెల్‌లో నడిచే రక్షణ తప్పటడుగు వేస్తే ఏమవుతుందో 2024 జులై 19న లోకమంతా చూసింది. అది నిద్రకు సంబంధించిన తప్పు కాదు, కానీ తప్పు జరిగిన చోటు ఇదే. క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ పంపిన ఒక అప్‌డేట్‌ను చదవబోయి దాని డ్రైవర్ తనది కాని మెమరీని తాకింది. 20 విలువలు అందించిన చోట 21వదాని కోసం వెతకడమే ఆ తప్పు. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు కూలాయి. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి ఇండిగో సిబ్బంది పెన్నుతో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు అందరి ఫోన్లలోకీ వచ్చింది. ఆ అప్‌డేట్ మన గడియారం ప్రకారం ఉదయం 9:39కి బయలుదేరింది, 10:57కి వెనక్కి తీసుకున్నారు. ఆ గంటా పద్దెనిమిది నిమిషాలూ నెట్‌కు దూరంగా ఉన్న యంత్రాలకు ఏమీ కాలేదు. అనంతపురం జిల్లా మూలాలున్న సత్య నాదెళ్ల నడిపే మైక్రోసాఫ్ట్, ఆ తర్వాతే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌ను కర్నెల్ బయట నడిపించే మార్గం మీద గట్టిగా పనిచేయడం మొదలుపెట్టింది. పదేళ్ల కిందటే జరగాల్సిన పని అది.

కోసిగి లాంటి ఊరికి ఇంకో చిక్కుంది. ఇప్పుడొచ్చే చాలా ల్యాప్‌టాప్‌లలో పాత ఎస్3 నిద్ర లేదు. 2012లో విండోస్ 8తో కనెక్టెడ్ స్టాండ్‌బై వచ్చింది, 2015లో విండోస్ 10తో అది మోడర్న్ స్టాండ్‌బైగా మారింది. ఫోన్ మాదిరే తెర ఆరినా లోపల కొంత మేలుకుని ఉండి అప్‌డేట్లు, మెయిళ్లు చూసుకునే పద్ధతి ఇది. సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ పదేపదే లేపితే ఆ నిద్ర పేరుకే మిగులుతుంది. మే నెలలో ఆ ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకుని బస్సెక్కితే, లోపలి వేడి బయటికి పోయే దారి లేక అది కాలిపోతూ, బ్యాటరీ ఖాళీ అయి చేతికొస్తుంది. దూర ప్రయాణానికి స్లీప్ కన్నా హైబర్నేట్ మేలని నేను అందరికీ చెబుతాను.

ఇక ఆనవాళ్ల సంగతి. విండోస్ ఫోల్డర్‌లో మినీడంప్ అనే ఫోల్డర్ ఉంటుంది. యంత్రం కూలిన ప్రతిసారీ చిన్న ఫైలొకటి తేదీతో సహా అందులో చేరుతుంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే విన్‌డీబీజీ అనే టూల్‌తో దాన్ని తెరిస్తే కోడ్, ఆగిపోయిన అభ్యర్థన, దాన్ని పట్టుకు కూర్చున్న డ్రైవర్ పేరు బయటపడతాయి. అక్కడ విండోస్ కర్నెల్ పేరు కనబడితే దాన్నే తప్పుపట్టి ఆగిపోకూడదు. జవాబు రాక యంత్రాన్ని ఆపింది అదే కాబట్టి దాని పేరు ఎలాగూ ఉంటుంది. ఈవెంట్ వ్యూయర్‌లో కర్నెల్-పవర్ 41 అని ఉంటే యంత్రం సరిగా ఆగకుండానే మళ్లీ లేచిందని మాత్రమే అర్థం, కారణం అందులో ఉండదు. కమాండ్ విండోలో powercfg /a అని కొడితే ఆ ల్యాప్‌టాప్‌కు ఏ రకం నిద్ర ఉందో తెలుస్తుంది.

అనుమానం తీరాలంటే ఆ సాఫ్ట్‌వేర్ లేకుండా కొన్ని రాత్రులు యంత్రాన్ని నిద్రపుచ్చి చూడాలి. గడియారం పక్కన ఉండే బొమ్మ నొక్కి "ఆఫ్" చేస్తే సరిపోదు, తనిఖీ ఆగినా డ్రైవర్లు అక్కడే ఉంటాయి. అన్‌ఇన్‌స్టాల్ చేసి, ఆ సంస్థే ఇచ్చే రిమూవల్ టూల్ ఉంటే అదీ నడపాలి. రక్షణ పోతుందన్న భయం అక్కర్లేదు, విండోస్ 10, 11లలో డిఫెండర్ తనంతట తానే పనిలోకి వస్తుంది. తీసేశాక షట్‌డౌన్ చేస్తే చాలదు, రీస్టార్టే చేయాలి. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు కర్నెల్‌నూ డ్రైవర్లనూ డిస్కులో దాచి, మర్నాడు వాటినే తిరిగి లేపుతుంది. రీస్టార్ట్ చేస్తే మాత్రం అన్నీ కొత్తగా మొదలవుతాయి. "ఆపి వేసినా పోలేదన్నా" అనే ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే తేలిపోతాయి.

సాఫ్ట్‌వేర్ తీశాక నిద్ర కుదుటపడితే, ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి కొత్త వైఫై డ్రైవర్, బయోస్ వేసుకుని, ఆ తర్వాత సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ తాజా వెర్షన్ మళ్లీ వేసి చూడాలి. మళ్లీ కూలిందంటే ఆ మినీడంప్ ఫైలును దాన్ని తయారుచేసిన సంస్థకు పంపాలి. ఆ డ్రైవర్‌ను సరిచేయగలిగేది వాళ్లే.