ఉప్పునీటి చేపలకు వేరు తొట్టెలో చికిత్స

సముద్రపు చేప జబ్బుపడినదని గుర్తించుట కష్టము కాదు; గుర్తించులోపల ఆలస్యమైపోవుటయే కష్టము. నిన్న సాయంకాలమువరకు మేతకు ఎగబడిన చేప ఈ ఉదయమున తొట్టె మూలను చేరి, రెక్కలు ముడుచుకొని, మొప్పలు గబగబ ఆడించుచుండును. గోడలకును, గొట్టములకును ఒడలు రాచుకొనును. ఒడలిపై ఉప్పురవ్వ చల్లినట్లు తెల్లని చుక్కలు కానవచ్చును. ఆ తొట్టెలోనే మరి యిరువది చేపలున్నచో, ఆ దినమున పెంపకందారు చేయు పనిని బట్టియే వాని బ్రతుకు ఆధారపడి యుండును.

మన తీరమున ఉప్పునీటి చేపల పెంపకము వింత కాదు. నాగాయలంక ప్రాంతమున పండుగప్పను పంజరములలో పెంచిరి. విశాఖపట్టణమునందలి కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారి ప్రాంతీయ కేంద్రమున గ్రూపరు చేపచే తొట్టెలలోనే గ్రుడ్లు పెట్టించి పిల్లను తీయు విధానమును రూపొందించిరి. తమిళనాడునందలి మండపమువద్ద మహిళలు సంఘములుగా కూడి రంగురంగుల క్లౌన్ చేపలను పెంచి అమ్ముచు వచ్చిరి. ఇట్టి పనికి పూనుకొను కుటుంబము తల్లిచేపలకును, గాలియంత్రమునకును, నీటికిని ముందుగానే సొమ్ము వెచ్చించును. ఒక్క వారములో తొట్టె ఖాళీ యైనచో ఆ సొమ్ము తిరిగి రాదు.

జబ్బు చేపను గాని, క్రొత్తగా తెచ్చిన చేపను గాని వేరుగా నుంచి కనిపెట్టుటను క్వారంటైను అందురు. మండపము పేరు వచ్చినది కనుక ఒక ముచ్చట చెప్పవచ్చును. సింహళమున తేయాకు తోటలకు పోవు కూలీలను పూర్వము ఆ యూరి శిబిరముననే కొన్ని దినములు నిలిపి, కలరా, మశూచి వంటి రోగములు లేవని చూచి ఓడ యెక్కించెడివారు. 1947లో స్థాపితమైన సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1949లో ఆ మండపం క్యాంపునకే చేరి, 1971వరకు అక్కడ ప్రధాన కార్యాలయము నడపినది. మనుష్యులను వేరుపరచిన చోటనే చేపల శాస్త్రము పెరిగినదన్నమాట.

వేరు తొట్టె ఎందుకు?

మందును అసలు తొట్టెలోనే కలుపరాదా యని చాలమంది అడుగుదురు. కలుపరాదు. ఉప్పునీటి చేపల మందులలో ముఖ్యమైనది రాగి. అది రొయ్యలను, నత్తలను, పగడములను చంపును. అడుగున ఇసుక, గవ్వలు, పగడపురాళ్లు ఉన్నచో అవి రాగిని తమలోనికి లాగికొనును. అందుచే ఎంత మందు వేసినను నీటిలో ఎంత మిగిలినదో తెలియదు. కొంతకాలమునకు ఆ రాళ్లే రాగిని తిరిగి విడువవచ్చును గూడ. కనుక చికిత్స తొట్టె బోసిగా నుండవలెను: ఇసుక వద్దు, గవ్వ వద్దు, బొగ్గు వడపోత వద్దు. చేప దాగుటకు నాలుగు ప్లాస్టికు గొట్టపు ముక్కలు చాలును. గాలిరాయి రేయింబవళ్లు పనిచేయవలెను. పది సెంటిమీటర్ల లోపు చేపలు మూడు నాలుగింటికి నూరు లీటర్ల తొట్టె సరిపడును. గాజు తొట్టెయే కానక్కరలేదు. వంటకు వాడు నీరు పట్టుటకు తగిన ప్లాస్టికు తొట్టి చక్కగా పనికివచ్చును.

అయితే ఈ బోసి తొట్టెలోనే ఒక ప్రమాదము పొంచియున్నది. అసలు తొట్టెలో అమ్మోనియాను హరించు సూక్ష్మజీవులు స్థిరపడి యుండును; క్రొత్త తొట్టెలో అవి యుండవు. చేప మొప్పలద్వారా విడుచు అమ్మోనియా నీటిలోనే నిలిచిపోవును. సముద్రపు నీరు క్షారగుణము కలది కావున అందులో అమ్మోనియా మంచినీటిలోకంటె విషకరమగును. నా అభిప్రాయమున, చికిత్స తొట్టెలలో చచ్చిన చేపలలో అనేకము రోగముచేత గాక ఈ అమ్మోనియా చేతనో, మందు మితిమీరుట చేతనో చచ్చినవే. దినదినము నాలుగవ వంతు నీరు మార్చవలెను. మిగిలిన మేతను అరగంటలో తీసివేయవలెను. ముందుచూపు గలవారు ఒక స్పాంజి వడపోతను అసలు తొట్టెలో నెలదినములు ఆడించి యుంచి, అవసరమైనపుడు దానిని చికిత్స తొట్టెలోనికి మార్తురు.

తెల్లచుక్క రోగము

ఇచ్చట మన రైతులు ఒక పొరపాటు పడుదురు. 1990 దశాబ్దమున రొయ్యల చెరువులను నాశనముచేసిన తెల్లమచ్చ వ్యాధికిని, దీనికిని ఏ సంబంధమును లేదు. రొయ్యలది వైరసు. చేపలది క్రిప్టోకారియాన్ అను ఏకకణ జీవి.

దీని జీవితచక్రము తెలిసినవానికి చికిత్స సగము తెలిసినట్లే. ఈ జీవి చేప చర్మపు పైపొర క్రింద దూరి, మూడు మొదలు ఏడు దినములు అచట తిని బలిసి, తనంతట తానే రాలి అడుగునకు చేరును. అక్కడ గట్టి పెంకు కట్టుకొని, లోపల రెండు వందలవరకు పిల్లలుగా చీలును. ఆ పిల్లలు వెలువడి ఒకటి రెండు దినములలో మరియొక చేపను పట్టుకొనలేనిచో చచ్చును. పెంకులోనున్నపుడు గాని, చర్మము క్రింద నున్నపుడు గాని మందు దానిని తాకలేదు; నీటిలో ఈదు ఆ కొద్ది గంటలలోనే తాకును. చుక్కలు రాలగానే చేప కోలుకొన్నదని మురిసి చికిత్స మానివేయువారు మోసపోవుట ఇందువలననే. రాలిన ఒక్కొక్క చుక్కయు వందల పిల్లలకు తల్లి.

చికిత్సకు మూడు మార్గములు కలవు. వానిలో పల్లెకు మిక్కిలి అనువైనది మందేమియు అక్కరలేనిది. పెంకునుండి పిల్లలు వెలువడుటకు కనీసము మూడు దినములు పట్టును. కావున చేపను మొదటి దినమున ఒక శుభ్రమైన తొట్టిలో నుంచి, నాలుగవ దినమున రెండవ తొట్టిలోనికి, ఏడవ దినమున తిరిగి మొదటి తొట్టిలోనికి, పదియవ దినమున రెండవదానిలోనికి, పదుమూడవ దినమున అసలు చికిత్స తొట్టెలోనికి మార్చవలెను. ప్రతిసారియు క్రొత్త ఉప్పునీరు పోయవలెను. విడిచిన తొట్టిని, గాలిరాయిని, గొట్టములను కడిగి ఎండలో పూర్తిగా ఎండనీయవలెను. రాలిన పెంకులు వెనుకటి తొట్టిలోనే ఎండి నశించును. నీరు మూడు దినములకొకమారు మారుటచే అమ్మోనియా బాధయు తప్పును. ఒక్క నియమము: డెబ్బది రెండు గంటలు దాటనీయరాదు. పండుగ వచ్చినదని ఒక దినము ఆగినచో చేసిన శ్రమ అంతయు మొదటికి వచ్చును.

రెండవది ఉప్పదనము తగ్గించుట. సముద్రపు నీటిలో వేయి పాళ్లకు ముప్పదియైదు పాళ్లు ఉప్పుండును. చేప రక్తము అందులో ఇంచుమించు మూడవ వంతు మాత్రమే ఉప్పన. అందుచే సముద్రపు చేప శరీరమునుండి నీరు నిరంతరము బయటకు పోవుచుండును. అది సముద్రమును త్రాగి, అధికమైన ఉప్పును మొప్పలద్వారా వెలువరించి బ్రతుకును. చుట్టునున్న నీటి ఉప్పదనమును రెండు దినములలో అంచెలంచెలుగా పదునాలుగు, పదునైదు పాళ్లకు దింపినచో చేపకు ఈ శ్రమ తగ్గును, తెల్లచుక్క జీవి పెంకులోనే పగిలి చచ్చును. మూడు నాలుగు వారములు అట్లే యుంచి, తిరిగి పెంచునపుడు మాత్రము వారము దినములు తీసికొనవలెను. దింపుటకంటె పెంచుటయే చేపకు కఠినము. నదిలోను, సముద్రములోను తిరుగు పండుగప్పకు ఈ చికిత్స పుట్టింటి నీరు వంటిది. పైగా తినదగు చేప కనుక మందు అంటకుండుట మేలు. ఉప్పదనమును నాలుకతో గాక రిఫ్రాక్టోమీటరుతో కొలువవలెను.

మూడవది రాగి, అనగా మైలుతుత్తము. దీనిని అలంకారపు చేపలకే వాడుట మంచిది. పొలమునకు వాడు తుత్తము పనికిరాదు. ప్రయోగశాలలకు అమ్ము శుద్ధమైన పలుకులు కావలెను. నాలుగు గ్రాముల పలుకులను ఒక లీటరు స్వేదనజలములో కరగించినచో, ఆ ద్రావకము మిల్లీలీటరునకు ఇంచుమించు ఒక మిల్లీగ్రాము రాగి యుండును. తొట్టెలో నీటి పొడవు, వెడల్పు, లోతులను సెంటిమీటర్లలో గుణించి వేయిచే భాగించిన లీటర్లు వచ్చును. నూరు సెంటిమీటర్ల పొడవు, నలుబది వెడల్పు, ఇరువదియైదు లోతు గల నీరు నూరు లీటర్లు. దానికి మొదటి దినమున ఐదు మిల్లీలీటర్లు వేసి, క్రమముగా పెంచుచు మూడవ దినమునకు మొత్తము పదునైదు చేయవలెను. అప్పుడు లీటరునకు 0.15 మిల్లీగ్రాముల రాగి యగును. 0.20 దాటనీయరాదు. సముద్రపు నీటిలో రాగి దానంతట అది అడుగుకు దిగిపోవును గనుక ఉదయము, సాయంకాలము పరీక్షపెట్టెతో కొలిచి, తగ్గినంతయే కలుపవలెను. నీరు మార్చినపుడు క్రొత్తనీటికి దాని వంతు మందు చేర్చవలెను. మూడు వారములు తప్పనిసరి. పరీక్షపెట్టె కొనలేనివారు రాగి జోలికి పోకుండుట ఉత్తమము.

తక్కిన రోగములు

చుక్కలు మరింత సన్నగా, బంగారు ధూళివలె ఉండి, చేప మొప్పలు వేగముగా కొట్టుకొనుచు గంటలలో క్షీణించినచో అది అమైలోడినియం. ఇది తక్కువ ఉప్పదనమునకు లొంగదు. రాగి కావలెను, అదియు వెంటనే. క్లౌన్ చేప ఒడలినుండి తెల్లని జిగురు పొరలు పొరలుగా ఊడినచో బ్రూక్లినెల్లా యని అనుమానింపవలెను. దీనికి రాగి చాలదు, ఫార్మలిన్ స్నానము కావలెను. ఫార్మలిన్ నీటిలోని ప్రాణవాయువును హరించును, మనుష్యుల కండ్లకు, ఊపిరితిత్తులకు హాని చేయును. సీసా అడుగున తెల్లని మడ్డి చేరినచో అది చేపకు కాలకూటము. కావున మత్స్యశాఖ నిపుణుని ఎదుటనే ఇది జరుగవలెను. చర్మమున అంటుకొను పురుగులకు మంచినీటి స్నానము గొప్ప ఉపాయము: క్లోరిన్ లేనిదియు, వేడిమియందును క్షారమునందును తొట్టెనీటితో సమానమైనదియు నగు నీటిలో మూడు నుండి ఐదు నిమిషములు. పురుగులు తెల్లబడి రాలిపడును. చేప ఒరిగినచో గడియారము చూడక వెంటనే తీయవలెను. ఇక రెక్కల అంచున కాలీఫ్లవరు వంటి బుడిపెలు లింఫోసిస్టిస్ అను వైరసు వలన కలుగును. దానికి మందు లేదు, మంచి మేత, మంచి నీరు ఉన్నచో తరచు తనంతట తగ్గును. తెలియని రోగమునకు నాలుగు మందులు కలిపి పోయుట తగదు.

చేప చికిత్సలో నుండగా అసలు తొట్టెను మరువరాదు. తెల్లచుక్క పెంకులు అందులో మిగిలియుండును. చేప యేదియు లేక ఆ తొట్టె రెండున్నర నెలలు నడువవలెను; ఒక్క చిన్న చేప మిగిలినను రోగము దానిపై నిలిచియుండును. మందు కలిసిన నీటిని బావిదగ్గర గాని, చెరువులో గాని పారబోయరాదు. తుత్తపు సీసాను పిల్లలకు అందకుండ తాళము వేసి యుంచవలెను.

చికిత్స ముగిసి, మందులేని నీటిలో రెండు వారములు చక్కగా మేత తిన్న చేపను తిరిగి అసలు తొట్టెకు చేర్పవచ్చును. చేర్చులోపల రెండు తొట్టెల ఉప్పదనమును సరిచూచుకొని, చికిత్స తొట్టె నీటిని మాత్రము అందులో పోయక, చేపను దాని సొంత చేతివలతో పట్టి, అసలు తొట్టె నీటితో నింపిన పాత్రలో కొంతసేపు ఉంచి, దానినుండి వదలవలెను.