కరువు సీమలో తేనెపిట్ట



పెనుకొండ కోట గుట్టలెక్కి వచ్చిన యౌవనస్థులు కొందరు, "అయ్యగారూ, కొండమీద హమ్మింగ్ బర్డ్ చూశాం" అని సంబరంగా చెబుతుంటారు. వారు చూసింది మన తేనెపిట్టనే. హమ్మింగ్ బర్డ్ అమెరికా ఖండాలలో తప్ప మరెక్కడా బ్రదుకదు. అందులో చిన్న జాతులు రెక్కలను సెకనుకు యాభై సార్లకు పైగా ఆడిస్తూ గాలిలో నిలిచి తేనె త్రాగుతాయి. మన పిట్ట ఎక్కువగా కొమ్మమీద కూర్చునే త్రాగుతుంది. రెండూ వేర్వేరు కుటుంబాలవి. అయినా సృష్టికర్త రెండింటికీ ఒకే పని అప్పగించి, తగిన సన్నని ముక్కు ఇచ్చాడు.

ఎండలు ముదిరే వేళ ఆకు రాలిన మోదుగ చెట్టు నిప్పులా పూస్తుంది. అక్కడ చూడండి. మగపిట్ట దూరానికి నల్లగా ఉంటుంది, ఎండ తగిలితే నీలం, ఊదా మెరుస్తుంది. ఆడపిట్టకు వీపు మట్టిరంగు, కడుపు పసుపు. సొగసు మగదానిది, గూడు కట్టే కష్టమంతా ఆడదానిది! (మన ఇండ్లలో సంగతి అక్కచెల్లెండ్రే చెప్పాలి.) గడ్డిపోచలు, బెరడు ముక్కలు సాలెగూటి దారంతో అతికి, సంచిలా వేలాడదీస్తుంది. ప్రక్కన వాకిలి, దానిపై చిన్న చూరు. సాధారణంగా రెండు గుడ్లు. పిల్లలకు పురుగులు తెచ్చి మేపడంలో మాత్రం తండ్రి కూడా పాలుపొందుతాడు.

పడమటి కనుమలు మేఘాలను అడ్డుకొనగా, అనంతపురం సీమకు ఏడాదికి దక్కేది దాదాపు 550 మిల్లీమీటర్ల వాన. వేరుశనగ ఎండిపోయిన ఒక ఏడు, కోతపండుగనాడు మత్తయి 6వ అధ్యాయంలోని ఆకాశపక్షుల మాట బోధించాను. ఆరాధన తరువాత ఒక పెద్దాయన, "పిట్టకు బ్యాంకు అప్పు లేదు గదా అయ్యగారూ" అన్నాడు. ఆ మాటను అవిశ్వాసమని కొట్టివేయరాదు. యేసుప్రభువు మాట్లాడింది కూడా పన్నుల భారం మోసే పల్లె జనంతోనే. పిట్ట విత్తదు, నిజమే. ఊరకే కూర్చోదు కూడా. పొద్దు పొడిచింది మొదలు పువ్వు పువ్వుకూ తిరుగుతుంది. దానికి దేవుడిచ్చే ఆహారం మోదుగచెట్టు ద్వారా వస్తుంది.

ఆ వేసవిలో బోరులో నీళ్లున్న రెండు కుటుంబాలవారు ఆ పెద్దాయన ఎద్దులకు పచ్చిమేత ఇచ్చారు. ఆయన వాటిని సంతకు తోలలేదు.

తేనెపిట్ట మీ వసారా తీగకే గూడు వేలాడదీస్తే బూజుకర్ర అటు పోనివ్వకండి. పిల్లలు ఎగిరిపోవడానికి నెల రోజులు చాలు.