రాష్ట్రపతి భవన్‌కు వెళ్లిన మన అనంతపురం దంపతులు



వైట్‌హౌస్‌లో మొదట నివసించిన అమెరికా అధ్యక్షుడు ఎవరని అడిగితే, జీకే పుస్తకం చదివే పిల్లలు జాన్ ఆడమ్స్ అని టక్కున చెప్పేస్తారు. 1800లో ఆయన వెళ్లేసరికి ఆ భవనం ఇంకా పూర్తి కాలేదు. ఆయన భార్య అబిగెయిల్ అక్కడి పెద్ద హాల్లోనే బట్టలు ఆరవేయించారంటే పిల్లలు నవ్వుకుంటారు కూడా. అదే, మన ఉమ్మడి అనంతపురం జిల్లా నుంచి రాష్ట్రపతి భవన్‌కు వెళ్లిన దంపతులు ఎవరంటే? చాలామంది తడుముకుంటారు.

వారే నీలం సంజీవరెడ్డి, నాగరత్నమ్మ. ఈ నెల ఇంట్లో వారి కబుర్లు చెప్పండి.

ఇల్లూరు పిల్లవాడు: సంజీవరెడ్డి 1913 మే 19న ఇల్లూరులో పుట్టారు. 1929లో గాంధీజీ అనంతపురం వచ్చారు. ఆ ప్రభావంతో 1931లో కాలేజీ వదిలి స్వాతంత్ర్య ఉద్యమంలో చేరారు. 1935లో నాగరత్నమ్మతో వివాహమైంది. వారికి ఒక కొడుకు, ముగ్గురు కూతుళ్లు.

బావమరిది చేతిలో ఓటమి: దేశంలో జరిగిన తొలి సాధారణ ఎన్నికల్లో అనంతపురం అసెంబ్లీ స్థానంలో ఆయనను ఓడించింది ఎవరో కాదు, బావమరిది తరిమెల నాగిరెడ్డి. అయినా 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యింది సంజీవరెడ్డే.

మన హిందూపురం ఎంపీ: 1967లో హిందూపురం నుంచి గెలిచి లోక్‌సభ స్పీకర్ అయ్యారు. స్పీకర్ అందరివాడిగా ఉండాలంటూ, 34 ఏళ్లుగా ఉన్న కాంగ్రెస్ సభ్యత్వాన్ని వదులుకున్నారు.

14,650 ఓట్ల తేడా: 1969 రాష్ట్రపతి ఎన్నికలో వి.వి. గిరికి 4,20,077 ఓట్ల విలువ, సంజీవరెడ్డికి 4,05,427 వచ్చాయి. 1971 లోక్‌సభ ఎన్నికల్లో సొంత జిల్లాలోనే మళ్లీ ఓటమి. ఆ రోజుల్లో ఆయన అనంతపురంలో సేద్యం చేసుకున్నారు.

ఏకగ్రీవం: 1977లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలిచింది. మిగిలిన ఒక్కటి నంద్యాల. అక్కడ జనతా పార్టీ తరఫున గెలిచింది సంజీవరెడ్డి. అదే ఏడాది రాష్ట్రపతి పదవికి 37 మంది నామినేషన్ వేస్తే 36 తిరస్కరణకు గురయ్యాయి. ఎనిమిదేళ్ల క్రితం చేజారిన పదవి పోటీ లేకుండానే దక్కింది. జూలై 25న ప్రమాణం చేశారు.

జీతంలో కోత: 340 గదుల భవనానికి వెళ్లిన కొద్ది రోజులకే, పేద ప్రజలకు సంఘీభావంగా తన జీతంలో 70 శాతం వదులుకుంటానని ప్రకటించారు. 1982లో పదవీకాలం ముగిశాక మళ్లీ అనంతపురం వచ్చేశారు.

యూనిట్ టెస్టులో మార్కులు తగ్గితే ముఖం దాచుకునే పిల్లలకు ఈ కథ చెప్పండి. కాలేజీ మానేసిన సంగతి పట్టుకుని ‘నేనూ మానేస్తా’ అనకుండా చూసుకోవడం మీ బాధ్యత! ఓడినవాళ్ల దారి అక్కడితో ఆగిపోదని మాత్రం గట్టిగా చెప్పండి.

రాత్రి భోజనాల దగ్గర అడగండి:
1. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి ఎవరు?
2. స్పీకర్ పార్టీని ఎందుకు వదిలారు?
3. నువ్వు ఓడిపోయి మళ్లీ ప్రయత్నించింది ఎప్పుడు?

మూడో ప్రశ్నకు ముందు మీ జవాబు చెప్పండి. తర్వాత పిల్లలు చెబుతారు.