‘పన్నెండో బెడ్ స్టేబుల్’: హ్యాండోవర్ చుట్టూ అల్లుకున్న అపోహలు

రాత్రి ఎనిమిది కావస్తోంది. పొద్దుటి నుంచి డ్యూటీ చేసిన సిస్టర్ రిపోర్టు బుక్కు పట్టుకుని బెడ్డు బెడ్డుకీ నడుస్తోంది. పక్కన నైట్ డ్యూటీకి వచ్చిన సిస్టర్. వాళ్ల వెనక ముగ్గురు నర్సింగ్ విద్యార్థినులు. “పదకొండు, డయాబెటిక్ ఫుట్, డ్రెస్సింగ్ అయింది. పన్నెండు, పెర్ఫొరేషన్, ఆపరేషనై రెండో రోజు, స్టేబుల్. పదమూడు, రేపు డిశ్చార్జి...” కింద హాస్టల్ బస్సు హారన్ కొడుతోంది. పావుగంటలో ముప్పై బెడ్లు చేతులు మారతాయి. ఏం నేర్చుకున్నారని ఆ విద్యార్థినులను అడిగితే “హ్యాండోవర్ చూశాం మేడమ్” అంటారు. నిజమే, చూశారు.

ఆ వరసలో నేను చివర నిలబడ్డాను, ముందు నడిచాను, ఆ తర్వాత విద్యార్థుల చేత నడిపించాను. మూడు చోట్లా చెవిన పడ్డ అపోహలే ఇక్కడ చెబుతున్నాను.

ముందు ఆ పన్నెండో బెడ్ దగ్గర కాసేపు ఆగుదాం. క్లాసు కోసం నేను అల్లుకున్న కేసిది. అల్సర్ పగిలి ఆపరేషనైన 58 ఏళ్ల మనిషి, బరువు 60 కిలోలు. సాయంత్రం ఆరింటికి చార్టులో ఉన్నవి ఇవీ: బీపీ 104/64, పల్స్ 112, జ్వరం 100.8, ఆక్సిజన్ 94 శాతం, శ్వాస నిమిషానికి 24. మాట స్పష్టంగానే ఉంది. గడిచిన నాలుగు గంటల్లో మూత్రం 90 మిల్లీలీటర్లు. విడివిడిగా చూస్తే గుండె గుభేలుమనే అంకె ఒక్కటీ లేదు. ఆపరేషన్ తర్వాత కాస్త జ్వరం మామూలే, నొప్పికి పల్స్ పెరుగుతుంది, బీపీ వందకు పైనే ఉందిగా. అందుకే ‘స్టేబుల్’.

ఇప్పుడు వాటిని కలిపి చూద్దాం. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించిన ‘న్యూస్’ అనే స్కోరు ఉంది. ఒక్కో అంకెకు కొన్ని పాయింట్లు. ఈయన శ్వాసకు 2, ఆక్సిజన్‌కు 1, బీపీకి 1, పల్స్‌కు 2, జ్వరానికి 1. మొత్తం 7. ఆ స్కోరు లెక్కలో ఏడు వచ్చిందంటే అత్యవసరం. సీనియర్ డాక్టరు వెంటనే వచ్చి చూడాల్సిన పేషెంటు. స్కోరులో లేని మూత్రం సంగతీ అదే చెబుతోంది. కిలోకి గంటకు అర మిల్లీలీటరు చొప్పున 60 కిలోల మనిషికి నాలుగు గంటల్లో 120 రావాలి. వచ్చింది 90.

ఇంకో సంగతి. మన వార్డుల్లో చార్టులు తిరగేస్తే శ్వాస గడిలో చాలామందికి ‘20’ అనే ఉంటుంది. నిమిషం పాటు పొట్ట కదలిక చూస్తూ లెక్కపెట్టే ఓపిక ఎవరికీ ఉండదు, ఇరవై రాసేస్తారు. ఈ కేసులోనూ అలా ఇరవై రాస్తే ఆ రెండు పాయింట్లు ఎగిరిపోయి స్కోరు 5 అవుతుంది. ఒక్క నిమిషం బద్ధకం ఏడుని ఐదు చేస్తుంది. మిగతా అన్నీ పరికరం చూపించేవి. శ్వాస ఒక్కటే మనం కూర్చుని లెక్కపెట్టాలి. మనిషి ఒళ్లు తేడా చేస్తున్నప్పుడు చాలాసార్లు ముందు మారేదీ అదే.

అపోహ: “నిర్ణయాలు డాక్టర్లవి. నర్సు పని చెప్పింది చెయ్యడం”

ఈ మాట బయటివాళ్ల నోట విన్నప్పుడు అంత బాధ ఉండదు. విద్యార్థినులే అంటారు, అదీ వినయం అనుకుని. మందు రాసేది, ఆపరేషన్ చేసేది డాక్టరే, అందులో తగువు లేదు. కానీ డాక్టరు రౌండ్స్‌కి వచ్చేది పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మధ్యలో గంటలన్నీ నర్సువి.

నాలుగు గంటలకోసారి చూడమన్న బీపీని పావుగంటకోసారి చూడాలా అన్నది ఆమె తేల్చుకోవాల్సింది. ఒకేసారి ముగ్గురు బెల్లు కొడితే ముందు ఎవరి దగ్గరకు వెళ్లాలన్నదీ అంతే. పొద్దున ఇన్సులిన్ ఇవ్వబోతూ, ఈ పేషెంటును స్కానింగ్ కోసం ఏమీ తినకుండా ఉంచారని గుర్తొచ్చి చెయ్యి ఆపడం నిర్ణయమే. డిజాక్సిన్ మాత్ర ఇచ్చే ముందు పల్స్ 60 కన్నా తక్కువుంటే మాత్ర పక్కన పెట్టి ఫోను చెయ్యడం నిర్ణయమే. రక్తం ఎక్కుతుండగా వణుకు, నడుం నొప్పి మొదలైతే డాక్టరు వచ్చేదాకా ఎదురు చూడకూడదు. ముందు రక్తం ఆపాలి, సెలైన్‌తో దారి మూసుకుపోకుండా ఉంచాలి, ఆ తర్వాతే ఫోను.

1990లో అచ్చైన ఒక అధ్యయనం కోసం అమెరికాలో, ఆసుపత్రిలో ఉండగానే గుండె ఆగిపోయిన 64 మంది రికార్డులు వెనక్కి తిరగేశారు. వాళ్లలో 84 శాతం మందికి, గుండె ఆగడానికి ముందు ఎనిమిది గంటల్లో ఏదో ఒక తేడా రికార్డుల్లోనే ఉంది. చాలా కేసుల్లో తేడా కాగితం మీదకు ఎక్కింది, దాని అర్థం మాత్రం మనిషికి చేరలేదు.

అమెరికా వెళ్లాలనుకునే మన పిల్లలకు ఈ సంగతి ఇప్పుడిప్పుడే తగులుతోంది. అక్కడ నర్సుగా పనిచెయ్యడానికి రాయాల్సిన ఎన్‌క్లెక్స్ పరీక్ష 2023 ఏప్రిల్ నుంచి మారింది. జ్ఞాపకం మీద రాసే ప్రశ్నలు సరిపోవని, కేసు ఇచ్చి ‘ఇందులో నీకు ముఖ్యంగా కనిపించిందేమిటి, దాన్నిబట్టి ఏమనుకుంటున్నావు, ముందు ఏం చేస్తావు’ అని అడుగుతున్నారు. హైదరాబాద్, విజయవాడ కోచింగ్ సెంటర్లకు ఇదొక కొత్త సిలబస్. నన్నడిగితే, మూడేళ్లు, నాలుగేళ్లు వార్డులో తిరిగిన పిల్లకు అది కొత్త సిలబస్ కాకూడదు.

అపోహ: “ఎస్‌బార్ నేర్పాం, ఇక అయిపోయింది”

ఇది కాలేజీ వాళ్ల అపోహ. గోడ మీద చార్టు అంటిస్తారు: పరిస్థితి, పూర్వాపరం, అంచనా, సిఫారసు. ఈ నాలుగు మెట్లూ పుట్టింది ఆసుపత్రిలో కాదు, అమెరికా నౌకాదళపు అణు జలాంతర్గాముల్లో. అక్కణ్నుంచి 2000 తర్వాత కైజర్ పర్మనెంటే ఆసుపత్రుల ద్వారా వైద్యంలోకి వచ్చింది. మంచి పనిముట్టే. కానీ విద్యార్థుల చేత చేయించి చూడండి. మొదటి రెండు మెట్లు గడగడా చెబుతారు. మూడో మెట్టు దగ్గర గొంతు తగ్గుతుంది. నాలుగో మెట్టుకి మాట పడిపోతుంది.

కారణం ఫార్మాట్ తెలియకపోవడం కాదు. మూడో మెట్టులో ‘నేనేమనుకుంటున్నాను’ అని చెప్పాలి. నాలుగోదానిలో ‘మీరేం చెయ్యాలి’ అని చెప్పాలి. పెద్దవాళ్ల ముందు ఈ రెండూ అనకూడదని ఇంట్లో, బళ్లో, హాస్టల్లో ఇరవయ్యేళ్లు నేర్పి, వార్డులో ఒక్క గంట క్లాసుతో అనేయమంటే ఎలా అంటుంది? అందుకే మన ఫోన్లు ఇలా సాగుతాయి:

“సార్, పన్నెండో బెడ్ పేషెంటుకి కొంచెం జ్వరం ఉంది సార్.”

“పారాసిటమాల్ ఇచ్చారా?”

“ఇచ్చాం సార్.”

“సరే మరి.”

ఆ అమ్మాయి మనసులో భయం ఉంది. చూచాయగా అంటే ఆయనే గ్రహిస్తాడని ఆశపడింది. ఆయన నిద్రలో ఉన్నాడు, విన్న మాటకు సరైన జవాబే చెప్పాడు. అదే ఫోను ఇంకోలా చేయించాలి:

“సార్, సర్జరీ వార్డు నుంచి స్టాఫ్ నర్సుని. పన్నెండో బెడ్ పేషెంటు పరిస్థితి దిగజారుతోంది, అందుకే చేశాను. పెర్ఫొరేషన్ ఆపరేషనై రెండో రోజు. బీపీ నిన్న 130, ఇప్పుడు 104. పల్స్ 112, శ్వాస 24, నిమిషం లెక్కపెట్టాను సార్. జ్వరం ఉంది, నాలుగు గంటల్లో మూత్రం తొంభయ్యే వచ్చింది. పొట్టలో ఇన్ఫెక్షన్ పాకుతోందేమోనని నా అనుమానం. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి సార్. ఈలోగా బ్లడ్ కల్చర్‌కి తియ్యమంటారా, సెలైన్ ఎంత పెట్టమంటారు?”

రెండింట్లోనూ ‘సార్’ ఉంది. మర్యాద ఎక్కడా తగ్గలేదు. ఈ రెండో ఫోను క్లాసులో చార్టు చూసి రాదు. ఒకరు విసుక్కునే డాక్టరుగా, ఒకరు నర్సుగా, పది పన్నెండు సార్లు నోటితో పలికితే వస్తుంది. విసుక్కునే డాక్టరు వేషానికి మా విద్యార్థుల్లో ఎప్పుడూ పోటీయే. అచ్చు గుద్దినట్టు చేస్తారు. ఆ పోలికల్లో వార్డు గుట్టంతా బయటపడుతుంది.

ఇంకో చిన్న నియమం ఇక్కడే నేర్పాలి. ఫోన్లో చెప్పిన మందును రాసుకుని, రాసింది తిరిగి చదివి వినిపించి, ‘అవును’ అనిపించుకోవాలి. ఇన్సులిన్ యూనిట్లకు పొట్టిగా ఇంగ్లిషు ‘యు’ అక్షరం రాస్తే అది సున్నాలా కనిపించి 4 కాస్తా 40 అయిన సందర్భాలు ప్రపంచమంతా ఉన్నాయి. పూర్తిగా ‘యూనిట్స్’ అని రాయమనేది అందుకే.

“నాకు జ్ఞాపకశక్తి ఎక్కువ, రాసుకోనక్కర్లేదు”

క్లాసుకొకరైనా ఉంటారు ఇలా అనేవాళ్లు. 2005లో బ్రిటన్‌లో నర్సులతో ఒక చిన్న ప్రయోగం చేశారు. పన్నెండు మంది ఊహాజనిత పేషెంట్ల వివరాలు ఒక నర్సు నుంచి ఇంకో నర్సుకి, అలా వరసగా ఐదుసార్లు చేతులు మార్పించారు. నోటిమాటగా మాత్రమే చెప్పినప్పుడు మూడో మార్పు తర్వాత ఏ వివరమూ మిగల్లేదు. రాసుకుంటూ విన్నప్పుడు ఐదో మార్పుకి 31 శాతం సరిగ్గా అందింది. ముందే టైపు చేసిన షీటు చేతికిచ్చి, దానితో పాటు మాట కూడా చెప్పినప్పుడు పోయింది బహు కొద్ది. ఆసుపత్రిలో ఐదు మార్పులంటే రెండు రోజులు కూడా పట్టదు.

ఇది క్లాసులో చేసి చూపించడానికి పైసా ఖర్చు లేదు. చిన్నప్పుడు వరసగా కూర్చుని చెవిలో మాట చెప్పుకునే ఆట ఎవరికి తెలియదు? ఒక కేసు వివరాలు మొదటి అమ్మాయి చెవిలో చెప్పండి. ఐదో అమ్మాయి నోట వినండి. నేను చేయించినప్పుడు పెన్సిలిన్ పడదన్న సంగతి మూడో అమ్మాయి దగ్గరే మాయమైంది. పేషెంటు అల్లుడు గొడవ చేశాడన్నది మాత్రం చివరిదాకా భద్రంగా వచ్చింది.

అపోహ: “అంత వివరంగా చెప్పే తీరిక ఎక్కడ?”

తీరిక లేదన్నది అబద్ధం కాదు. ఒక్క నర్సు ముప్పై బెడ్లు చూసే వార్డులో ఈ వ్యాసం చదివి వినిపిస్తే నవ్వుతారు, నవ్వాలి కూడా. మనుషుల కొరతను ఏ ఫార్మాటూ తీర్చదు. అయితే పద్ధతిగా చెబితే సమయం పెరుగుతుందన్న మాట మాత్రం నిలబడదు. 2014లో అచ్చైన ఒక అధ్యయనంలో, అమెరికా, కెనడాల్లోని తొమ్మిది ఆసుపత్రుల పిల్లల వార్డుల్లో ‘ఐపాస్’ అనే హ్యాండోవర్ పద్ధతిని జూనియర్ డాక్టర్లకు నేర్పి, ముందూ తర్వాతా పోల్చారు. వైద్యంలో తప్పులు 23 శాతం, నివారించగలిగిన హాని 30 శాతం తగ్గాయి. ఒక్కో పేషెంటుకి పట్టిన సమయం అప్పుడూ ఇప్పుడూ సుమారు రెండున్నర నిమిషాలే. అది డాక్టర్ల మీద జరిగిన అధ్యయనం, మన వార్డులు వేరు. కానీ అందులోని రెండు అంశాలు ఎక్కడైనా పనికొస్తాయి. ఒకటి, మొట్టమొదటి మాటే ‘ఈ పేషెంటు విషమమా, కనిపెట్టి చూడాలా, పర్వాలేదా’ అన్నది. రెండోది, ‘ఒకవేళ’. పన్నెండో బెడ్‌కి ఒకవేళ బీపీ 100 కన్నా దిగితే ఏం చెయ్యాలి, ఎవరికి ఫోను చెయ్యాలి? ఆ ఒక్క వాక్యం అప్పజెప్పి వెళ్లిన సిస్టర్ రాత్రంతా వార్డులో ఉన్నట్టే లెక్క.

ముప్పై మందికీ సమానంగా అర నిమిషం పంచడం దగ్గరే మన సమయం వృథా అవుతోంది. రేపు డిశ్చార్జయ్యే పదమూడుకి పది సెకన్లు చాలు. పన్నెండుకి మూడు నిమిషాలు కావాలి. ఎవరికి ఎంత అన్నది ఎంచుకోవడమే క్లినికల్ నిర్ణయం. హ్యాండోవర్ ఒక పాఠంగా, నిర్ణయం ఇంకో పాఠంగా వేర్వేరు యూనిట్లలో చెప్పడం వల్లే రెండూ రావడం లేదని నా ఫిర్యాదు.

“అదంతా అనుభవంతో వస్తుందిలే”

సగం నిజం, అందుకే దీన్ని కదిలించడం కష్టం. ప్యాట్రీషియా బెన్నర్ 1984లో రాసిన పుస్తకంలో నర్సు అయిదు మెట్లెక్కి నిపుణురాలవుతుందని చెప్పింది. పై మెట్టు మీదున్న సిస్టర్ గుమ్మంలోంచే మొహం చూసి ‘ఈయన తేడాగా ఉన్నాడు’ అంటుంది. ఎలా తెలిసిందంటే చెప్పలేదు. ఆమె వెనక నిలబడ్డ విద్యార్థినికి కనిపించేది ఫలితం, దారి కనిపించదు. అందుకే ఆలోచనను పైకి చెప్పమని ఆ సిస్టర్‌ను బతిమాలాలి: “ఏం చూశారు సిస్టర్? పెదాలా, చెమటా, కూర్చున్న తీరా?” క్రిస్టీన్ ట్యానర్ 2006లో దీన్ని నాలుగు పనులుగా విడగొట్టింది: గమనించడం, అర్థం చేసుకోవడం, స్పందించడం, వెనక్కి తిరిగి చూసుకోవడం. నాలుగోది మన దగ్గర దాదాపు లేదు. డ్యూటీ అయ్యాక బస్సు ఎక్కేస్తాం.

2021లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ బీఎస్సీ నర్సింగ్‌ను సెమిస్టర్ పద్ధతికి మార్చి, ఎనిమిదో సెమిస్టరును ఇంటర్న్‌షిప్‌కి కేటాయించింది. ఆ నెలల్లో విద్యార్థికి రెండు బెడ్లు సొంతంగా అప్పగించి, హ్యాండోవర్ ఆమె చేతే ఇప్పిస్తే అది అనుభవం. సెలైన్ సీసాలు మార్పిస్తూ తిప్పితే చాకిరీ. లక్షల రూపాయల బొమ్మలుంటే తప్ప సిమ్యులేషన్ కుదరదనే వాళ్లకు ఒక్క మాట: ఒక మంచం, పేషెంటుగా పడుకునే జూనియరు, అంకెలు రాసిన కాగితం ముక్కలు చాలు.

ఇంగ్లిషు గడగడా వస్తేనే మంచి హ్యాండోవర్ అన్నదీ వింటుంటాను. కేస్ షీటు ఇంగ్లిషులోనే ఉంటుంది, నిజమే. హైదరాబాద్ ఆసుపత్రుల్లో ఇచ్చేది మలయాళీ సిస్టరు, తీసుకునేది ఖమ్మం అమ్మాయి అయినప్పుడు ఇంగ్లిషు అవసరమే. ఇద్దరూ తెలుగువాళ్లయితే ‘పొద్దుటికీ ఇప్పటికీ ఆయాసం పెరిగింది’ అన్న తెలుగు వాక్యం ‘స్టేబుల్’ అనే ఇంగ్లిషు మాట కన్నా వెయ్యి రెట్లు నయం.

చివరగా, తీసుకునేవాళ్ల సంగతి. అప్పజెప్పేవాళ్లకే శిక్షణ కావాలని, వినేవాళ్లు తల ఊపితే చాలని అనుకుంటాం. సీనియర్‌ని ఎదురడిగితే పొగరంటారని కూడా. నేను మార్కులు వేసేది ప్రశ్నకు. ఒకసారి క్లాసులో ఇదే పన్నెండో బెడ్ కేసు నేనే అప్పజెప్పాను, కావాలనే శ్వాస 20 అని. అంతా రాసుకున్నారు. వెనక బెంచీలోంచి ఒక మొదటి సంవత్సరం పిల్ల నెమ్మదిగా లేచింది.

“మేడమ్, అది లెక్కపెట్టిందా, రాసిందా?”