గుజ్జు ట్యాంకుకి తాళమెందుకు?

చిత్తూరు దగ్గర ఓ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తుంటాను. తోతాపురి సీజన్లో కొత్తగా చేరినవాళ్లు తప్పకుండా అడుగుతారు: "ట్యాంకుకి తాళమెందుకు సార్, గుజ్జెవరు ఎత్తుకెళ్తారు?"

ఎత్తుకెళ్లేవాళ్ల గురించి కాదు, ఏదైనా కలిపేవాళ్ల గురించి. 1984లో అమెరికాలోని ఒరెగాన్‌లో, ద డాలెస్ అనే ఊళ్లో, ఆధ్యాత్మిక గురువు రజనీష్ అనుచరులు కొందరు 10 హోటళ్ల సలాడ్ బార్లలో సాల్మొనెల్లా బ్యాక్టీరియా కలిపారు. స్థానిక ఎన్నికల నాటికి ఓటర్లను మంచాన పడేయాలని వాళ్ల ఎత్తు. 751 మంది జబ్బుపడ్డారు, అదృష్టం బాగుండి ఎవరూ చనిపోలేదు. మొదట నెపమంతా హోటల్ పనివాళ్ల శుభ్రత మీదే పడింది, పాపం! జపాన్‌లో 2013లో ఫ్రోజెన్ పిజ్జాల్లో మలాథియాన్ అనే పురుగుమందు తేలితే, చివరికి దొరికింది ఆ ఫ్యాక్టరీ కాంట్రాక్టు ఉద్యోగే. ప్రహరీ ఎంతెత్తు కడితే ఏం లాభం?

2016లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఓ నిబంధన తెచ్చింది. అక్కడికి సరుకు పంపే పెద్ద ఫ్యాక్టరీలు తమ బలహీనతలు తామే వెతికి కాపలా పెట్టుకోవాలి. ద్రవాల ట్యాంకులు, మిక్సింగ్ దగ్గరే భయమెక్కువ. అక్కడ గుప్పెడు పడినా బ్యాచంతా పాకుతుంది. ల్యాబులో తెలీదా అంటారు. ఏం కలిపారో తెలియనప్పుడు దేనికని పరీక్షిస్తాం?

అందుకే మూతలకు నంబరు సీళ్లు. సిట్రిక్ యాసిడ్ సంచి విప్పేటప్పుడు ఇద్దరుండాలి. బ్లెండింగ్ గదిలోకి నీలం టోపీలకే ప్రవేశం. ఆ మధ్య మా ఎండీగారు తెల్లటోపీతో వస్తే ఆపరేటరమ్మ గుమ్మంలోనే ఆపేసింది. ఆయన మొహం మాడ్చుకున్నారు గానీ, ఆ నెల ఆమెకు ఇన్సెంటివ్ రాయించాను.